అమెరికాలో మన పెద్దల మందుల ఖర్చుకు ‘ఎక్స్‌ట్రా హెల్ప్’: వాడి చూశాక నా అభిప్రాయం

మా అమ్మ మందుల డబ్బాలో రోజుకు రెండు చొప్పున, ఉదయానికొకటి రాత్రికొకటి, పద్నాలుగు గడులుంటాయి. రక్తం గడ్డకట్టకుండా రెండు పూటలా వేసుకోమని డాక్టరు రాసిన మాత్ర 2025 ఫిబ్రవరిలో ఒకనాడు ఉదయం గడుల్లోనే కనిపించింది. సర్దడం మరిచిపోయావా అని అడిగితే, "లేదురా, ఒక పూటే వేసుకుంటున్నాను, నీకు ఖర్చు తగ్గుతుందని" అంది. ఆమెకు మెడికేర్‌లో (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాలో) మందుల బీమా, అంటే పార్ట్ డి, అప్పటికే ఉంది. అయితే బీమా కంపెనీ తన వాటా చెల్లించడం మొదలుపెట్టేలోగా మనం భరించవలసిన సొమ్ము 2025లో 590 డాలర్ల దాకా ఉండవచ్చు కనుక, ఏడాది మొదటి నెలల్లోనే భారమంతా మీద పడుతుంది. ఆ వారమే ఎక్స్‌ట్రా హెల్ప్‌కు దరఖాస్తు పెట్టాం.

తక్కువ ఆదాయం గల మెడికేర్ సభ్యులకు మందుల బీమా ప్రీమియంలోనూ, మందుల దుకాణంలో కట్టే సొమ్ములోనూ ప్రభుత్వం ఇచ్చే సాయం ఇది. 2006లో పార్ట్ డి మొదలైనప్పటి నుంచీ ఉన్నదే అయినా, 2022లో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ వల్ల, పేదరిక రేఖకు ఒకటిన్నర రెట్లలోపు ఆదాయం ఉన్నవారికి 2024 జనవరి నుంచి పూర్తి సాయం అందుతోంది. 2025 లెక్క ప్రకారం ఏడాది ఆదాయం ఒంటరివారికి 23,475 డాలర్లు, దంపతులకు 31,725 డాలర్లు మించకూడదు. పొదుపు, పెట్టుబడుల విలువ అదే ఏడాది లెక్కలో ఒంటరివారికి 17,600, దంపతులకు 35,130 డాలర్లలోపు ఉండాలి; అంత్యక్రియల కోసం అనుమతించే మొత్తం ఈ పరిమితిలోనే కలిసి ఉంది.

మన కుటుంబాల్లో చాలామంది దరఖాస్తే పెట్టకపోవడానికి కారణం ఒక అపోహ. కొడుకు మంచి ఉద్యోగంలో ఉంటే తల్లికి ఇవ్వరని నేనూ కొన్నేళ్లు నమ్మాను. నిజానికి లెక్కలోకి వచ్చేది దరఖాస్తుదారు ఆదాయం, కలిసి ఉంటున్న జీవిత భాగస్వామి ఆదాయం మాత్రమే. పిల్లల ఇంట్లో ఉండి తినే తిండిని, వారు కట్టే కరెంటు బిల్లును 2010 నుంచి ఆదాయంగా పరిగణించడం లేదు. ఉంటున్న ఇల్లు, కారు, జీవిత బీమా కూడా లెక్కలోకి రావు. అయితే ఇండియా నుంచి వచ్చే పింఛను ఆదాయమే. ఊళ్లో పెద్దల పేరున ఉన్న పొలం గాని, మరో ఇల్లు గాని ఆస్తి కిందకే వస్తాయి. అవి తప్పుగా చెబితే శిక్షార్హమని ఫారంలోనే రాసి ఉంటుంది కాబట్టి, ఉన్నది ఉన్నట్టు రాయడమే మంచిది.

ఈ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ వెబ్‌సైటులో ఫారం నింపడం నేను భయపడినంత కష్టం కాలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పింఛను కాగితాలు ముందు పెట్టుకుంటే ఒక్క కూర్చోవడంలో పూర్తవుతుంది. ఇంగ్లీషు రాని పెద్దలు ఫోను చేస్తే దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేస్తారు. అదే దరఖాస్తు, మనం వద్దనకపోతే, పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టరు ఖర్చులకు వర్తించే భాగం) ప్రీమియం కట్టిపెట్టే మెడికేర్ సేవింగ్స్ ప్రోగ్రాం కోసం మన రాష్ట్రానికి కూడా వెళుతుంది. 2025లో ఆ ప్రీమియం నెలకు 185 డాలర్లు కనుక అది చిన్న విషయం కాదు.

మంజూరు ఉత్తరం ఏప్రిల్‌లో వచ్చినా, దరఖాస్తు పెట్టిన నెల మొదటి తేదీ నుంచే సాయం వర్తించింది. ఆ తర్వాత 2025లో అమ్మ ఆ బ్రాండ్ మాత్రకు నెలకు 12 డాలర్ల 15 సెంట్లు కట్టింది. జెనెరిక్ మందులకైతే (బ్రాండ్ పేరు లేకుండా చౌకగా దొరికేవాటికి) ఆ ఏడాది 4 డాలర్ల 90 సెంట్ల కంటే ఎక్కువ కట్టనక్కర్లేకపోయింది. ఉత్తరం వచ్చాక మొదటిసారి వెళ్లినప్పుడు దుకాణంలోని కంప్యూటరు పాత ధరే చూపించింది, మేమూ కట్టేశాం. ఆ ఉత్తరం నకలును బీమా కంపెనీకి పంపాక వివరాలు సరిచేసి, ఫిబ్రవరి నుంచి అదనంగా కట్టినదంతా తిరిగి ఇచ్చారు. కాబట్టి రసీదులు పారేయకండి.

లోపాలు లేకపోలేదు. ఎంచుకున్న బీమా జాబితాలో లేని మందుకు ఈ సాయం పనికిరాదు. ప్రీమియం కూడా ఆ ప్రాంతానికి నిర్ణయించిన పరిమితి వరకే ప్రభుత్వం కడుతుంది, ఖరీదైన ప్లాన్ తీసుకుంటే తేడా మనదే. నాకు అన్యాయంగా తోచేది మాత్రం ఆస్తి పరిమితి. నెలవారీ ఆదాయం ఎంత తక్కువైనా, ముసలితనానికని జీవితమంతా కూడబెట్టి బ్యాంకులో ఇరవై వేల డాలర్లు ఉంచుకున్న ఒంటరి మనిషికి ఈ తలుపు మూసుకుపోతుంది. జాగ్రత్తపరులను దూరం పెట్టే ఈ నిబంధనను ఎత్తివేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

దరఖాస్తు తిరస్కరిస్తే 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. మంజూరైనవారికి కూడా అర్హతను మళ్లీ పరిశీలించే ఫారం రావచ్చు. దానిని 30 రోజుల్లోగా తిప్పి పంపకపోతే సాయం ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే మా ఇంట్లో సోషల్ సెక్యూరిటీ పేరున్న ఏ కవరునూ ప్రకటనల కాగితాలతో కలపకుండా, అమ్మ మందుల డబ్బా పక్కనే పెడుతున్నాం.