పేర్ల జెండా కొన్నా, బయట కట్టి తప్పు చేశా (5కి 3 స్టార్లు)

సైజు 3 అడుగులు బై 5 అడుగులు, నైలాన్, కర్రకి తగిలించుకోడానికి రెండు ఇత్తడి రింగులు. దూరం నుంచి మామూలు అమెరికా జెండానే అనుకుంటాం, దగ్గరికెళ్తే చారల నిండా పేర్లు, 2001 సెప్టెంబర్ 11న అమెరికా మీద జరిగిన ఉగ్రవాద దాడుల్లో చనిపోయిన వాళ్ళందరి పేర్లు. ఈ డిజైన్‌ని ఫ్లాగ్ ఆఫ్ హానర్ అంటారు, ఫైర్ వాళ్ళు పోలీసులు లాంటి వాళ్ళ పేర్లు మాత్రమే ఉండేది ఇంకోటుంది, అది ఫ్లాగ్ ఆఫ్ హీరోస్. నేను తీసుకున్నది మొదటిది, ఆన్‌లైన్‌లో ఎవరో సెల్లర్ దగ్గర, ఎవరు కుట్టారో లేబుల్ కూడా లేదు. అందుకని ఇక్కడ నేను తిట్టేది నా చేతికొచ్చిన గుడ్డనే, డిజైన్ చేసినవాళ్ళని కాదు.

మేముండేది న్యూజెర్సీలో. ఆ రోజు పోయిన 2,977 మందిలో ఈ స్టేట్ వాళ్ళే 750 మంది దాకా ఉన్నారు, ఒక్క మిడిల్‌టౌన్ అనే ఊళ్ళోనే 37 మంది. మా పక్కింటి పెద్దాయన రిటైర్డ్ ఫైర్‌మన్, ప్రతి సెప్టెంబర్‌లో ఆయన జెండా కట్టడం చూస్తా, ఈసారి మనమూ ఏదో ఒకటి కడదాం అనిపించి కొన్నా, అంతే, పెద్ద ఆలోచనేం లేదు.

ప్రింట్ బావుంది, ఆ మాట చెప్పాలి. చీమ తలకాయంత అక్షరాలైనా ఎక్కడా అలుక్కుపోలేదు, కళ్ళజోడు పెట్టుకుంటే చదవొచ్చు. డైనింగ్ టేబుల్ మీద పరిచి మావాడు నేను గంటసేపు చదివాం, మన వైపు ఇంటిపేర్లలా అనిపించినవి కనపడితే వాడు వేలు పెట్టి ఆగిపోయేవాడు. మాన్‌హాటన్ మెమోరియల్ దగ్గర కంచు పలకల మీద పేర్లని చేత్తో తడమొచ్చు, అక్కడ 2,983 ఉంటాయి ఎందుకంటే 1993లో వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో జరిగిన బాంబు పేలుడులో పోయిన ఆరుగురిని కూడా కలిపారు. ఈ జెండాలో ఆ ఆరుగురు లేరు, ఎవరైనా వెతుకుతారేమో అని చెప్తున్నా.

ఇక అసలు గొడవ. ఇంటి ముందు గోడకి వాలుగా ఉండే కర్రకి కట్టా. రెండో రోజే మా కాలనీ అసోసియేషన్ నుంచి ఒకాయన వచ్చి ఇది అమెరికా జెండానా కాదా అని అడిగాడు! నవ్వొచ్చింది గానీ ఆయన అడిగిన దాంట్లో పాయింటుంది. 2006లో వచ్చిన చట్టం ప్రకారం సొంతింటి మీద అమెరికా జెండా కట్టుకుంటే అసోసియేషన్ ఆపకూడదు, కానీ ఆ హక్కు అమెరికా జెండాకే, వేరే జెండాలకి కాదు. జెండాని ఎలా వాడాలో చెప్పే ఫ్లాగ్ కోడ్ అనే చట్టం ఏమో జెండా మీద అక్షరం, బొమ్మ, గుర్తు ఏదీ ఉండకూడదు అంటుంది. అంటే ఇది జెండా అని వాదిస్తే కోడ్ తప్పినట్టు, జెండా కాదు అంటే అసోసియేషన్ తీసెయ్యమనొచ్చు. ఫ్లాగ్ కోడ్ తప్పితే శిక్షేం లేదు లెండి, ఆయన కూడా తల గోక్కుని వెళ్ళిపోయాడు.

అప్పుడు మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. రోజూ వాకింగ్‌కి వెళ్తూ దాన్నే చూసేవారు. ఒకరోజు వాన పడుతుంటే "ఒరే, పేర్లున్న గుడ్డని వానలో వదిలేశావేందిరా" అన్నారు. కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే మనిషి ఆయన. చాదస్తం అనుకుని వదిలేశా.

అక్టోబర్ చివరికి చూస్తే గాలికి కొట్టుకునే అంచు, అంటే కర్రకి అవతల వైపు, దారాలు దారాలుగా ఊడిపోయింది. కుట్టు ఒకటే వరస, అది సెల్లర్ కక్కుర్తి. మామూలు జెండా అయితే ఎర్ర గుడ్డా తెల్ల గుడ్డా చిరిగింది అనుకుంటాం, ఇక్కడ మాత్రం ప్రతి చారలోనూ ఆ చివరున్న పేర్లు పోయాయి. ఎవరివో కూడా గుర్తుపట్టలేం. చాలా సేపు మెట్ల మీదే కూర్చుండిపోయా.

మా టౌన్‌లో కొంతమందికి ఇలాంటి పేర్ల జెండాని అఫీషియల్ చేసి టౌన్ హాల్ ముందు ఎగరేయాలని ఉంది. కొనక ముందు నేనూ సరే అనేవాణ్ణి, ఇప్పుడు కాదంటా. అఫీషియల్‌గా ఎగరాల్సిన జెండా ఎలా ఉండాలో ఇక్కడే ఒకటుంది, యుద్ధంలో బందీలై, గల్లంతై తిరిగిరాని వాళ్ళ కోసం పెట్టిన పీఓడబ్ల్యూ ఎంఐఏ జెండా. నల్ల గుడ్డ మధ్యలో తెల్ల గుండ్రం, అందులో నల్లగా ఒక తల నీడ, వెనక కాపలా టవరు, ముళ్ళకంచె. న్యూటన్ హైస్లీ అనే ఆయన జబ్బుపడి ఇంటికొచ్చిన సొంత కొడుకు మొహం చూసి ఆ నీడ గీశాడట. ఒక్క పేరు లేదు అందులో, రోడ్డు అవతల నుంచి చూసినా తెలిసిపోద్ది. 1990లో చట్టంలోకెక్కింది, 2019 చట్టంతో వైట్ హౌస్, క్యాపిటల్ లాంటి చోట్ల ఏడాది పొడుగునా ఎగురుతోంది. జెండా పనే దూరానికి కనపడటం. పేర్లకి గోడ కావాలి, జెర్సీ సిటీ లిబర్టీ స్టేట్ పార్కులో ఎంప్టీ స్కై అని రెండు స్టీలు గోడలున్నాయి చూడండి, 210 అడుగుల పొడుగు, అక్షరం ఒక్కోటీ 4 అంగుళాలు, వానకీ ఎండకీ ఏమీ కాదు.

సెప్టెంబర్ 11కి ఇంటి దగ్గర ఏదైనా చేద్దామనుకునే వాళ్ళకి: మామూలు జెండా చాలు. నిలువు స్తంభం ఉంటే ముందు పైదాకా లాగి తర్వాత సగానికి దించాలి, సాయంత్రం తీసేటప్పుడు మళ్ళీ పైదాకా లాగి దించాలి. నాలాగా గోడకి వాలుగా ఉండే కర్ర అయితే సగానికి దించడం కుదరదు, పైన నల్ల రిబ్బన్ కట్టండి. ఇది పక్కింటాయన చెప్పిందే.

పాడైన జెండాలు అమెరికన్ లీజన్ అనే మాజీ సైనికుల సంఘం ఆఫీసుల్లో తీసుకుంటారు, గౌరవంగా కాలుస్తారు. ఇచ్చేద్దామని మడతపెట్టి కార్లో కూడా పెట్టా. వెళ్తూ పక్కింటాయనకి చూపించా. ఆయన విప్పి, మూడు నిమిషాల్లో ఒక పేరు దగ్గర వేలు ఆపి, "ఇది ఇంకా ఉంది" అన్నారు. లీజన్‌కి వెళ్ళలేదు ఇంక. అంచుకి నాన్నగారే సూదీ దారం పట్టుకుని పట్టీ వేశారు, ఇప్పుడు హాల్లో గోడకుంది, ఎండ పడని వైపు.

ప్రింట్‌కి 5, కుట్టుకి 1. లోపల పెట్టుకోడానికైతే కొనండి, బయటికి వద్దు.