మా వాడికి "రెండు" వచ్చింది: ఫ్యామిలీ లిటరసీ క్లాసులో నా రెండేళ్లు

పిల్లల స్కూల్లోనే తల్లులకి ఇంగ్లీషూ, పిల్లల చదువు సంగతులూ నేర్పే ఫ్యామిలీ లిటరసీ క్లాసు ఇది. రిపోర్టు కార్డు సంగతి చెప్పకుండా దీని గురించి చెప్పలేను. మేం అమెరికాలో నార్త్ కరోలినా వచ్చిన ఏడాది మా వాడు ఫస్ట్ గ్రేడ్. నవంబరులో బ్యాగులో కార్డు తెచ్చాడు. చదవడం 2, రాయడం 2, లెక్కలు 3. మార్కులు లేవు, శాతాలు లేవు. నాకు తెలిసింది ర్యాంకులే కాబట్టి రెండంటే సెకండ్ ర్యాంకు అనుకున్నాను. అద్దంకిలో ఉన్న మామయ్యగారికి ఫోన్ చేసి చెప్తే ఆయన వీధిలో అందరికీ లడ్డూలు పంచారు. మా ఆయన కూడా ఆ కార్డు మీద సంతకం పెట్టాడు, ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చు, మరి చదివి పెట్టాడా చదవకుండా పెట్టాడా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

జనవరిలో ఈ క్లాసులో చేరాను. ఉచితం, ముందు చిన్న పరీక్ష పెట్టి లెవెల్ చూస్తారు. నాకు నచ్చింది ఒకటే. సోమవారం పాఠ్యపుస్తకం తియ్యరు, పిల్లల బ్యాగులో ఏ కాగితం ఉంటే అది తెమ్మంటారు. ఒకావిడ లంచ్ అకౌంట్‌లో డబ్బులు అయిపోయాయన్న చీటీ తెచ్చింది, ఇంకొకావిడ క్లాసులో ఎవరికో పేలు పడ్డాయన్న నోటీసు తెచ్చింది. నేను రిపోర్టు కార్డు తీసుకెళ్లాను. నిజం చెప్పొద్దూ, గొప్పగా చూపించుకుందామనే.

టీచరు బోర్డు మీద నాలుగు మెట్లు గీసింది. ఆ తరగతి పిల్లలు ఎక్కడుండాలో అది మూడో మెట్టు. మా వాడు దాని కింద ఉన్నాడు. నాకు లడ్డూలన్నీ కళ్ల ముందు తిరిగాయి. నా మొహం చూసి పక్కనున్న హోండురాస్ ఆవిడ తన సంగతి చెప్పింది: వాళ్ల వాడికి 3 వస్తే, నాలుక్కి ఒకటి తగ్గిందని ఆ రోజు టీవీ కట్టేసిందట. ఇద్దరం నవ్వుకున్నాం గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకు తక్కువొచ్చిందో గురువారం తెలిసింది. పాక్ట్ టైమ్ అంటారు, తల్లీపిల్లలు కలిసి గడిపే సమయం, అరగంట వాడి క్లాసులో వాడి పక్కనే కూర్చోవచ్చు. మా వాడు పుస్తకం గడగడా చదివేశాడు. నేను మురిసిపోయేలోపే టీచరు పుస్తకం మూసి, ఇప్పుడు కథేంటో చెప్పు అంది. వాడు నన్ను చూశాడు. నేనూ చిన్నప్పుడు తెలుగు వాచకం అలాగే అప్పజెప్పేదాన్ని, తప్పుల్లేకుండా చదివితే చదువొచ్చినట్టే అని పెరిగాను. ఆ అరగంట లేకపోతే ఇంట్లో ఇంకో పది పుస్తకాలు గడగడా చదివించేదాన్ని. ఇంట్లో మాటలు ఏ భాషలోనైనా పర్వాలేదు, తెలుగులోనే కథ చెప్పి తెలుగులోనే ప్రశ్నలడుగు అంది క్లాసు టీచరు. అప్పట్నుంచీ రాత్రిళ్లు పేదరాశి పెద్దమ్మ కథలు, మధ్యలో ఆపి "ఇప్పుడేం చేస్తుందిరా?" అని అడగడం.

ఇంకో మాట. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇస్తారు కదా, మన వాట్సాప్ గ్రూపుల్లో "ఇంగ్లీష్ అని రాసెయ్యండి, లేకపోతే ఈఎస్‌ఎల్‌లో పడేస్తారు" అని సలహా. ఈఎస్‌ఎల్ అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి విడిగా ఇంగ్లీషు చెప్పే క్లాసు. నాకు ఆ సలహా అందేలోపే తెలుగు అని రాసేశాను, బతికిపోయాను. దానివల్లే వాడికి రోజూ విడిగా ఇంగ్లీషు సాయం దొరికింది. ఇంగ్లీషు ఎంత వచ్చిందో చూడ్డానికి ఏటా వీడా యాక్సెస్ అనే పరీక్ష పెడతారు, అందులో మా రాష్ట్రం పెట్టిన స్కోరు వస్తే ఈఎస్‌ఎల్ అయిపోతుంది. శిక్షేమీ కాదు.

ఇంటర్‌ప్రెటర్ హక్కు గురించి కూడా ఇక్కడే తెలిసింది. 1964 పౌర హక్కుల చట్టం కింద, కేంద్రం డబ్బు తీసుకునే స్కూలు మనకి అర్థమయ్యే భాషలో విషయం చెప్పాలి, దానికి మన దగ్గర పైసా తీసుకోకూడదు. ఎగిరి గంతేసి టీచర్ మీటింగుకి అడిగాను. ఫోన్లో హిందీ ఆవిడని కలిపారు! ఇండియా అంటే హిందీ అనుకున్నారు. నా హిందీ ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది, ఇరవై నిమిషాలు "హా జీ" అంటూ కూర్చుని ఏమీ అర్థం కాకుండా బయటికొచ్చాను. తర్వాత సోమవారం క్లాసులో తెలుగు అన్న మాటని ఇంగ్లీషు అక్షరాల్లో విడివిడిగా చెప్పి, వారం ముందే కావాలని అడగడం నా చేత నాలుగుసార్లు ప్రాక్టీసు చేయించారు. రెండోసారి తెలుగే దొరికింది. ఆయన "పఠనావగాహన" అన్నాడు, అదేంటో అర్థం కావడానికి ఇంకో ఇంటర్‌ప్రెటర్ కావాలేమో అనుకున్నా, కానీ పని జరిగింది.

మొదటి ఏడాది కనిపించినవాళ్లందరికీ చేరమని చెప్పాను. ఇప్పుడైతే కొంచెం ఆలోచించి చెప్తాను. మన చిన్నపిల్లల్ని చూసుకునే గది ఉంటుందని చెప్పేదాన్ని, రెండో ఏడాది డబ్బుల్లేవని అది మూసేశారు, మా చిన్నదాన్ని ఎక్కడ వదలాలో తెలీక నాలుగు నెలలు మానేశాను. గురువారం అరగంట కూడా నెలకొకసారి అయింది. ఇలాంటి క్లాసులకని ఈవెన్ స్టార్ట్ పేరుతో కేంద్రం విడిగా ఇచ్చే నిధులు 2011లోనే ఆగిపోయాయట, ఎక్కడికక్కడ ఏదో సర్దుకుని నడుపుతున్నారు. కాబట్టి మీ ఊళ్లో ఏముందో, ఏం తీసేశారో ముందే అడగండి.

నాది తెలుగు మీడియం బీకాం, హెచ్-4 వీసా, ఉద్యోగం లేదు, ఉదయాలు ఖాళీ. స్కూలు నడిచి వెళ్లే దూరం. ఇవన్నీ కుదిరాయి కాబట్టి నాకు ఉపయోగపడింది. షాపులో షిఫ్టు చేసేవాళ్లకి ఆ టైము కుదరదు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకి బోరు, నాతో చేరిన ఇద్దరు అందుకే మానేశారు.

మొన్న జూన్ కార్డులో చదవడం 3 వచ్చింది. సంతోషం పట్టలేక అద్దంకి ఫోన్ చేశాను. మామయ్యగారు కాసేపు మాట్లాడలేదు. "అదేంటమ్మా, సెకండ్ నుంచి థర్డ్‌కి పడిపోయాడా?" అన్నారు.