టెక్సాస్ దారా, న్యూజెర్సీ దారా: ఐస్‌కు లోకల్ పోలీసు సాయంలో ఏది మేలు?

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న తెలుగు కుటుంబానికైనా, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నవాళ్లకైనా ఇమ్మిగ్రేషన్ చట్టం ఒక్కటే. ఆ చట్టాన్ని అమలు చేసే ఫెడరల్ ఏజెన్సీ ఐస్ (ICE). దానికి లోకల్ పోలీసు ఎంత సాయం చేస్తారన్న దగ్గరే తేడా అంతా వస్తుంది.

టెక్సాస్‌లో 2017 నాటి ఎస్‌బీ 4 చట్టం ప్రకారం, ఫలానా మనిషిని మా కోసం ఆపి ఉంచండని ఐస్ డీటెయినర్ పంపితే జైలు ఆపాల్సిందే. మొండికేస్తే కౌంటీ పోలీసు అధిపతి అయిన షెరీఫ్ పదవికే ఎసరు. పట్టుకున్నవాణ్ని ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడగొద్దని ఏ నగరమూ తన పోలీసులకు చెప్పడానికి లేదు. న్యూజెర్సీ దీనికి తలకిందులు. అక్కడ 2018లో అటార్నీ జనరల్ ఇచ్చిన ఆదేశం ప్రకారం స్టేటస్ మీద అనుమానం ఒక్కటే కారణంగా ఎవరినీ ఆపకూడదు, ఐస్ సోదాలకు తోడు వెళ్లకూడదు. తీవ్ర నేరాల కేసుల్లో మాత్రం మినహాయింపులున్నాయి. రాష్ట్రాల పోలీసులతో ఫెడరల్ ప్రభుత్వం బలవంతాన పని చేయించుకోలేదని 1997లోనే సుప్రీంకోర్టు తేల్చింది కనుక న్యూజెర్సీ అలా అనగలుగుతోంది.

అలాగని "మనం న్యూజెర్సీలో ఉన్నాం, ఫర్లేదు" అనుకుంటే పొరపాటే. ఎక్కడ అరెస్టయినా వేలిముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కణ్నుంచి హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీకి వెళ్తాయి. ఆ తర్వాత జైలువాళ్లు ఏం చేస్తారన్నదే రాష్ట్రం చేతిలో ఉండేది. 2025 వసంతంలో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (ప్రభుత్వం దగ్గరుండే స్టూడెంట్ స్టేటస్ రికార్డులు) రద్దయినప్పుడు చూశాం కదా. కొట్టేసిన పాత కేసులు, ట్రాఫిక్ టికెట్లు కూడా డేటాబేస్‌లో తగిలాయి. కోర్టులు కలగజేసుకున్నాకే రికార్డులు తిరిగొచ్చాయి.

టెక్సాస్ వాదనలో బలం లేకపోలేదు. తీవ్ర నేరం చేసినవాణ్ని జైలు గేటు దగ్గర అప్పగించడం, అదే మనిషి కోసం తెల్లవారుజామున అపార్ట్‌మెంట్ తలుపులు కొట్టడం కంటే అందరికీ క్షేమం. చిక్కల్లా అక్కడితో ఆగకపోవడంలోనే. లోకల్ పోలీసుకు ఇమ్మిగ్రేషన్ పని అప్పగించే 287(జి) ఒప్పందాల్లో టాస్క్‌ఫోర్స్ రకం ఒకటుంది. వీధిలో తిరిగే పోలీసుకే ఇమ్మిగ్రేషన్ అధికారాలిస్తుంది. 2012లో మూలపడ్డ దాన్ని 2025లో మళ్లీ బయటికి తీశారు. అరిజోనాలోని మారికోపా కౌంటీలో షెరీఫ్ జో అర్పాయో ఇలాంటి గస్తీలే నడిపాడు. లాటినోలను చర్మం రంగు చూసి ఆపుతున్నారని 2013లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆ కేసు ఖర్చు పన్ను కట్టేవాళ్ల మీదే పడింది. గోధుమరంగు చర్మం మనదీ కాదా!

ఇంకొకటి, మనవాళ్లు నలుగురిలో మాట్లాడనిది. భర్త వీసా మీద హెచ్-4లో ఉన్న అమ్మాయి దెబ్బలు తింటూ కూడా 911కి ఫోన్ చేయదు. పోలీసొస్తే వీసా పోతుందేమోనని భయం. నిజానికి ఇలాంటి నేరాల బాధితులకు యు-వీసా ఉంది, కానీ దరఖాస్తుకు పోలీసులో, ప్రాసిక్యూటరో, జడ్జో ఎవరో ఒక అధికారి సంతకం పెట్టాలి. పోలీసు, ఐస్ ఒకటేనన్న నమ్మకం నాటుకున్న ఊళ్లో ఆమె స్టేషన్ మెట్లెక్కుతుందా?

అందుకే నా మొగ్గు న్యూజెర్సీ వైపే, ఒక షరతు మీద: తీవ్ర నేరంలో శిక్ష పడినవాడి మీద జడ్జి సంతకం చేసిన వారెంటు ఉంటే జైలు అప్పగించాలి. ఐస్ అధికారే సంతకం పెట్టుకున్న కాగితం చాలదు. ఇక టెక్సాస్‌లో ఉన్నవాళ్లు హెచ్-1 వర్క్ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉండగా డ్రైవింగ్ లైసెన్సు గడువు ఎప్పుడు తీరుతుందో ముందే చూసుకోండి. గడువు తీరిన లైసెన్సుతో దొరికితే అక్కడి పోలీసు స్టేటస్ కూడా అడగొచ్చు.