ముసలి ల్యాబ్రడార్‌కి 'సీనియర్' డ్రై ఫుడ్: మూడేళ్ల వాడకం తర్వాత

వాడింది 10 కిలోల సంచి, చికెన్-రైస్ రకం, పైన '7+' (ఏడేళ్లు దాటినవాటికి) అని ఉంటుంది. పెట్టింది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ల్యాబ్‌కి, ఎనిమిదో ఏటి నుంచి పదకొండో ఏటి దాకా. ఇప్పటి బరువు 30 కిలోలు.

ముందు 'సీనియర్' అన్న మాట సంగతి. దాని వెనక ఖచ్చితమైన కొలత ఏదీ లేదు. అమెరికాలో పెట్ ఫుడ్ ప్రమాణాలు రాసే ఆఫ్కో పట్టికలు రెండే: ఎదిగే పిల్లలకీ చూలు కుక్కలకీ ఒకటి, పెద్దవాటికి ఒకటి. ముసలివాటికి విడిగా లేదు. అందుకే ఒక కంపెనీ సీనియర్ ఫుడ్‌లో ప్రోటీన్ తగ్గిస్తుంది, ఇంకొకటి పెంచుతుంది. సంచి తిరగేసి అంకెలు చూసి కొనాల్సిందే.

ఈ సంచి మీద ప్రోటీన్ 24 శాతం, కొవ్వు 10, పీచు 5, తేమ 10. క్యాలరీలు మాత్రం వేయలేదు. లెక్క కష్టమేం కాదు: బూడిద (అంటే ఖనిజాలు) 8 శాతం అనుకుని అన్నీ కలిపి 100లోంచి తీసేస్తే పిండిపదార్థం 43. ప్రోటీన్‌నీ పిండిపదార్థాన్నీ 3.5తో, కొవ్వుని 8.5తో గుణించి కూడితే 100 గ్రాములకి సుమారు 320 క్యాలరీలు. 30 కిలోల ముసలి కుక్క, ఎక్కువసేపు ఇంట్లోనే పడుకునేది అయితే, రోజుకి 1100 చాలు. ఒక ఉడికించిన గుడ్డు తీసేస్తే 320 గ్రాముల ఫుడ్, పొద్దున సగం, సాయంత్రం సగం.

కప్పుతో పోయకండి, వంటింటి కాటా మీద తూచండి. కప్పు తలకొట్టి పోశామా, గోపురంగా పోశామా అన్న దాంట్లోనే రోజుకి 20 గ్రాములు తేడా వస్తుంది. నెల తిరిగేసరికి అది సుమారు 1900 క్యాలరీలు, అంటే పావుకిలో కొవ్వు. అరిగిన కీళ్ల మీద ఆ పావుకిలో కూడా భారమే. 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో 48 ల్యాబ్‌లని జతలుగా విడదీసి, సగం వాటికి జీవితాంతం పావు వంతు తక్కువ తిండి పెట్టారు. అవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి.

ప్రోటీన్ తగ్గిస్తే కిడ్నీలు బాగుంటాయని చాలామంది నమ్ముతారు. కిడ్నీ జబ్బు లేని కుక్కకి దానివల్ల నష్టమే, ఎందుకంటే ఈ వయసులో కండ ఎలాగూ కరుగుతూ ఉంటుంది. నెలకోసారి వెన్నుకి రెండు పక్కలా వేళ్లతో తడిమి చూడండి. పొట్ట దగ్గర లావు ఉండి, వెన్నుపూసలు మాత్రం గరుకుగా చేతికి తగులుతున్నాయంటే కొవ్వు పెరిగి కండ పోతున్నట్టు. కాటా మీద ఆ తేడా తెలియదు, బరువు అంతే చూపిస్తుంది. గుడ్డు కలపడం అందుకే. పెరుగన్నంతో సరిపెడితే కడుపు నిండుతుంది గానీ కండకి కావాల్సినది అందదు.

కీళ్ల కోసం గ్లూకోసమైన్ కలిపామని పెద్ద అక్షరాల్లో రాశారు. కిలోకి 400 మిల్లీగ్రాములట. 320 గ్రాములు తింటే వచ్చేది 128. ఈ సైజు కుక్కకి అమ్మే మాత్రల్లో వెయ్యి దాకా ఉంటుంది, వాటి ఫలితం మీదే అనుమానాలున్నాయి. ఆ మాట చూసి ఎక్కువ ధర పెట్టకండి. చేప నూనెకి కాస్త మెరుగైన ఆధారాలున్నాయి, మోతాదు డాక్టర్ని అడిగి తీసుకోండి. ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి.

గింజ గట్టిగా ఉంటుంది, అదే దీని పెద్ద లోపం. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెడితే మెత్తబడి వాసన లేస్తుంది, మొహం తిప్పుకున్నది కూడా తింటుంది. మిగిలింది ఎండాకాలంలో అరగంట దాటితే పారేయండి. నానబెట్టినా ఒక పక్కనే నములుతున్నా, నోట్లోంచి జారవిడుస్తున్నా ఫుడ్ మార్చకండి, పళ్లు చూపించండి.

పాత ఫుడ్ నుంచి మారేటప్పుడు రెండు మూడు రోజులకోసారి పావు వంతు చొప్పున కొత్తది పెంచుతూ పది రోజులు పట్టనివ్వండి. తొందరపడితే నీళ్ల విరేచనాలు ఖాయం, తప్పు ఫుడ్ మీదకి పోతుంది.

సంచిలోదాన్ని డబ్బాలోకి ఒంపకుండా సంచితో సహా డబ్బాలో పెట్టి మూత బిగించండి. ఈ లెక్కన నెలలో అయిపోతుంది. చిన్న కుక్క ఉంటే 10 కిలోలు కొనకండి, వానాకాలంలో నూనె కంపు కొడుతుంది.

ఎప్పటికన్నా ఎక్కువ నీళ్లు తాగుతూ, బాగా తింటూనే చిక్కిపోతున్న కుక్కకి ఇది కొనకండి. ముందు రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. కిడ్నీ జబ్బు తేలితే ఫాస్ఫరస్ తగ్గించిన ఫుడ్‌ని డాక్టరే రాయాలి.