ఏఎస్ 400లో ఎస్‌క్యూఎల్: ఆ ఎఫ్12 స్క్రీన్‌ని నమ్ముకుని

నెల్లూరులో రొయ్యల మేత డిపోలో లెక్కలు చూస్తుంటాను. మా లెక్కలన్నీ ఉండే ఐబీఎం కంప్యూటర్ చెన్నైలో ఉంటుంది. 2008 నుంచి దాని పేరు ఐబీఎం ఐ అట గానీ మా ఆఫీసులో అందరికీ ఇప్పటికీ ఏఎస్ నాలుగొందలే. ఆరేళ్ల కిందట దాంట్లో ఎస్‌టీఆర్‌ఎస్‌క్యూఎల్ అనే కమాండ్ కొట్టి, రికార్డులు వెతకడానికీ మార్చడానికీ వాడే ఎస్‌క్యూఎల్ భాష మొదలుపెట్టాను. మొదటి వారంలోనే ఒక స్క్రీన్ మీద మనసు పారేసుకున్నాను.

ఒక డీలరు అప్పు గడువు 30 రోజుల నుంచి 45కి మార్చాలి. మార్చమనే అప్‌డేట్ రాశాను, కొత్త గడువు చెప్పే సెట్ రాశాను, ఇంతలో ఫోన్ మోగింది. ఏ రికార్డులు మారాలో చెప్పే వేర్ రాయకుండానే ఎంటర్ కొట్టేశాను. స్క్రీన్ మొత్తం మారిపోయింది. ఫైల్లో ఉన్న రికార్డులన్నీ మారబోతున్నాయి, సరేనంటే ఎంటర్, వద్దంటే ఎఫ్12 అంటుంది. ఎఫ్12 మీద వేలు పెట్టేటప్పటికి చెయ్యి వణుకుతోంది. అప్పటినుంచి కొత్తగా చేరిన పిల్లలందరికీ ఒకటే మాట, "భయపడబాకండి, తప్పు కొడితే అదే ఆపుద్ది" అని.

ఆ మాట ఇప్పుడు చెప్పడం మానేశాను.

కిందటేడు ఇందుకూరుపేట, ముత్తుకూరు డీలర్లలో బి గ్రేడు వాళ్లకు మాత్రమే గడువు పెంచమన్నారు. వేర్ జాగ్రత్తగానే రాశాను: ఊరు ఇందుకూరుపేట, ఆర్ (లేదా) ఊరు ముత్తుకూరు, యాండ్ (ఇంకా) గ్రేడ్ బి. బ్రాకెట్లు పెట్టలేదు. ఎస్‌క్యూఎల్ యాండ్‌ని ముందు కలుపుకుని ఆ తర్వాతే ఆర్‌ని చూస్తుంది. అంటే ఇందుకూరుపేటలో గ్రేడుతో పనిలేకుండా అందరూ పడ్డారు. డజను మారాల్సిన చోట 43 రికార్డులు మారాయని కింద లైనులో వచ్చింది. ఎఫ్12 స్క్రీన్ రాలేదు. ఎందుకొస్తుంది? వేర్ ఉందా లేదా అన్నదొక్కటే అది చూసేది. ఉన్న వేర్ తప్పో ఒప్పో దానికి పట్టదు.

మార్పుల్ని వెనక్కి తీసే రోల్‌బ్యాక్ కొట్టాను. ఏదీ వెనక్కి రాలేదు. చెన్నైలో మెషిన్ చూసే అన్నకి ఫోన్ చేశాను, ఆయనది ఒంగోలు. "కమిట్ నన్ అని ఉంది గదా అబ్బయ్యా, దేన్ని వెనక్కి తెమ్మంటావు?" అన్నాడు. కమిట్ నన్ అంటే కొట్టిన మార్పు అప్పటికప్పుడే ఖాయమైపోతుంది. ముందురోజు రాత్రి తీసిన బ్యాకప్‌ను వేరే లైబ్రరీలోకి (ఫైళ్లుండే ఫోల్డరు లాంటిది) దించి, అందులోంచి పాత గడువులు తెచ్చి పెట్టేసరికి సాయంత్రమైంది. ఈలోపు 45 రోజులతో రెండు బిల్లులు వెళ్లిపోయాయి. ఒకాయన ఒప్పుకున్నాడు. ఇంకొకాయన "బిల్లు మీద మీరే కొట్టిచ్చారు గదయ్యా" అని 45వ రోజునే కట్టాడు.

మర్నాడు ఎఫ్13 నొక్కి సెషన్ సెట్టింగుల్లో కమిట్‌ను నన్ నుంచి ఛేంజ్‌కి మార్చాను, అంటే కమిట్ కొట్టేదాకా మార్పు ఖాయం కాదు. అప్‌డేట్ కొడితే ఎస్‌క్యూఎల్ 7008 అని ఎర్రర్. మార్పుల్ని రాసిపెట్టే జర్నల్ మా ఫైలుకు లేదు. క్రియేట్ స్కీమా అనే ఎస్‌క్యూఎల్ కమాండ్‌తో చేసిన లైబ్రరీ అయితే జర్నల్ దానంతట అదే వస్తుంది. మాది ఎప్పుడో పాతకాలంలో మామూలుగా చేసిన లైబ్రరీ. అన్నని బతిమాలి పెట్టించుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు రోల్‌బ్యాక్ నిజంగానే వెనక్కి తెస్తుంది. కాకపోతే ఒకరోజు కమిట్ కొట్టడం మరిచి టీకి వెళ్లాను. ఆ డీలరుకి బిల్లు కొట్టబోయిన పిల్లోడి స్క్రీన్ నిమిషం పాటు బిగుసుకుపోయి ఎర్రరొచ్చింది. రికార్డు నా చేతిలో లాకై ఉంది మరి.

ఇప్పుడు ముందు అదే వేర్‌తో సెలెక్ట్ (రికార్డుల్ని మార్చకుండా చూపించేది) కొట్టి ఎన్ని రికార్డులొచ్చాయో చూసుకుంటాను. తర్వాత ఎఫ్9తో అదే లైను వెనక్కి తెచ్చుకుని పైభాగం అప్‌డేట్‌గా మారుస్తాను, వేర్ జోలికి పోను. మా మెషిన్‌లో ఎస్‌టీఆర్‌ఎస్‌క్యూఎల్‌కి కావాల్సిన లైసెన్సు ముందే ఉంది, రాత్రి బ్యాకప్ తప్పదు, డీలర్లు కొద్దిమందే. కాబట్టి నాకు చెల్లింది. మీ దగ్గర లైసెన్సు లేకపోతే ఐబీఎం వాళ్ల యాక్సెస్ క్లయింట్ ప్రోగ్రాంలో రన్ ఎస్‌క్యూఎల్ స్క్రిప్ట్స్ ఉంటుంది. నేను దాన్ని సెలెక్ట్‌లకే వాడాను, కాబట్టి అప్‌డేట్ల సంగతి దాన్ని రోజూ వాడేవాళ్లని అడగండి.