గుల్మార్గ్ ఒక్కరోజు స్కీ టూరింగ్ ప్యాకేజీ: గోదావరి జిల్లాల నుంచి వెళ్ళేవాళ్ళకి

గండోలాలో (తీగల మీద నడిచే రోప్‌వే పెట్టెలో) పైకెళ్ళి జారుతూ దిగేది మామూలు స్కీయింగ్. స్కీ అడుగున స్కిన్ (వెనక్కి జారనివ్వని నూగు పట్టీ) అంటించి, మడమ వదులు చేసుకుని సొంత కాళ్ళతో కొండెక్కి, పైన ఆ స్కిన్ పీకేసి దిగేది స్కీ టూరింగ్. గుల్మార్గ్‌లో ఒక గైడింగ్ సంస్థ దీన్ని ఒక్కరోజు ప్యాకేజీగా అమ్ముతోంది. నలుగురికి ఒక గైడు, సామాన్ల అద్దె అందులోనే, గండోలా టికెట్ విడిగా. గైడు పనికి వంక పెట్టడానికి లేదండి. అద్దె సామాన్లలోనే ఉంది తిరకాసు.

స్కీ మీద నిలబడటం కూడా రానివాళ్ళకి ఇది కాదు. తొక్కని మంచులో మలుపు తిరిగి ఆగడం వచ్చుండాలి. కొత్తవాళ్ళు ముందు అక్కడే ఉన్న కేంద్ర పర్యాటక శాఖ వారి స్కీయింగ్ సంస్థలో బేసిక్ కోర్సు చెయ్యడం మేలు.

పొద్దున్న మొదటి అరగంటా కదలనివ్వరు. ఒక్కొక్కరికీ ట్రాన్సీవర్ (మంచు కింద పడినవాళ్ళ జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ), పార ఇస్తారు. ట్రాన్సీవర్ జాకెట్ లోపల ఒంటికి కట్టుకోవాలి, బ్యాగులో పెడితే కుదరదు. గైడు కాస్త దూరంగా నిలబడి ఒక్కొక్కరినీ తన ముందునుంచి నడిపిస్తూ సిగ్నల్ వస్తోందా లేదా చూస్తాడు. తర్వాత ఒక ట్రాన్సీవర్‌ని మంచులో పాతి వెతికిస్తాడు. సెల్‌ఫోన్ దగ్గరుంటే రీడింగు తప్పుతుంది, వెతికేటప్పుడు కనీసం అర మీటరు దూరంలో ఉండాలి. ఇదంతా చాదస్తం అనుకోకండి. మంచు చరియ కింద పడ్డవాణ్ణి మొదటి 10–15 నిమిషాల్లో తవ్వి తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత అది గబగబా పడిపోతుంది. అంత త్వరగా అందేది పక్కనున్న మనుషులే. ఈ డ్రిల్లు లేకుండా తీసుకెళ్ళే గైడు ఎంత చవకైనా వద్దు.

గండోలా కింద ఉన్న బౌల్‌ని (గిన్నెలాంటి వాలుని) స్కీ గస్తీ సిబ్బంది చూసుకుంటారు. దాని హద్దు దాటితే ఎవరి పూచీ వారిదే. పైనున్న అఫర్వత్ శిఖరం వైపు 2023, 2024 ఫిబ్రవరుల్లో విదేశీ స్కీయర్లు చరియల కిందపడి చనిపోయారు. గైడు పారతో గొయ్యి తవ్వి మంచు పొరలు చూపిస్తాడు. ఆత్రేయపురం పూతరేకు మడతల మధ్య పంచదార ఉన్నట్టే, గట్టి పొర కింద ఒకదానికొకటి అంటుకోని పలుకుల పొర ఉంటుంది. మనిషి బరువు పడగానే ఆ పలుకులు కూలి, పైపొర పలకలా జారుతుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే మంచు కొత్తగా పడిన రోజుల్లో పై వాలు మానేసి బాబా రేషి వైపు అడవిలోంచి దింపుతారు. పైకి తీసుకెళ్ళలేదని అలగక్కర్లేదు, గైడుకి ఇచ్చే డబ్బు ఆ నిర్ణయానికే.

ఇక స్కిన్లు. ఒకవైపు జిగురు, ఇంకోవైపు వెనక్కి వాలిన నూగు. ముందుకు జారనిస్తుంది, వెనక్కి పోనివ్వదు. ఇక్కడ ఇచ్చినవి పాతవి, తోక దగ్గర జిగురు ఎండిపోయింది. రెండోసారి అంటించేసరికే వెనకనుంచి ఊడటం మొదలైంది. ఊడిన సందులోకి పొడిమంచు దూరితే ఇక అంటదు. తీసుకునేటప్పుడే రెండు స్కిన్లనీ జిగురువైపు కలిపి విడదీసి చూడండి. బలం పెట్టి లాగాల్సొస్తే మంచిది, కాగితంలా విడిపోతే మార్చమనండి. పైన పీకాక జిగురువైపు లోపలికి మడిచి జాకెట్ లోపల పెట్టుకోవాలి, చలికి జిగురు పట్టు తప్పుతుంది. రెండు స్కీ స్ట్రాపులు జేబులో ఉంటే, ఊడిన స్కిన్‌ని స్కీకి చుట్టి కట్టేసి నెట్టుకురావచ్చు. మధ్యాహ్నం ఎండలో తడిసిన స్కిన్ నీడలోకి రాగానే అడుగున మంచు ముద్దలు కడుతుంది, దానికి స్కిన్ వ్యాక్స్ రుద్దాలి. గైడు దగ్గర ఉంటుంది, అడిగితేనే తీస్తాడు.

బూటు సైజు సెంటీమీటర్లలో చెప్పాలి. మడమ గోడకి ఆనించి నిలబడి బొటనవేలి దాకా కొలవండి. మనవైపు చెప్పులతో తిరిగిన పాదాలు ముందు వెడల్పుగా ఉంటాయి, అద్దె బూట్లేమో సన్నం. చలని రెండు జతల మేజోళ్ళు వేస్తే రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి, బొబ్బలు అదనం. ఒక్క ఉన్ని జత చాలు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ముందు పిన్నులు సరిగా పట్టకపోతే స్ప్రింగు కింద మంచు గడ్డకట్టిందని అర్థం, పుల్లతో గోకి మళ్ళీ తొక్కండి.

అమలాపురం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు. గుల్మార్గ్ 2,650, గండోలా మొదటి దశ దిగే కొంగ్‌డూరి 3,000 పైన. వెళ్ళిన మర్నాడే టూర్ పెట్టుకుంటే తలనొప్పీ వాంతులే మిగిలేది. రెండు రాత్రులు అక్కడ పడుకున్నాకే బుక్ చెయ్యండి. గంటకి 300 మీటర్ల ఎక్కుడు మామూలు వేగం, మనం 200 అనుకుంటే గైడుకీ ఇబ్బంది ఉండదు. కాలవగట్ల మీద ఎంత నడిచినా ఎక్కుడు అలవాటు కాదు. కోరుకొండ మెట్లు బ్యాగు తగిలించుకుని ఎక్కి దిగడం నయం.

ప్యాకేజీలో ఇచ్చే భోజనం చల్లటి శాండ్‌విచ్, దాని గురించి చెప్పుకోడానికేం లేదు. మోరి జీడిపప్పు, ఖర్జూరం పట్టుకెళ్ళండి. తాపేశ్వరం కాజా చలికి బిగుసుకుపోయి పళ్ళకి పని చెబుతుంది. ట్యూబు ఉన్న నీళ్ళ సంచీ గడ్డకడుతుంది, ఫ్లాస్కే దారి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

సొంత స్కిన్లు కొనుక్కుందామనుకుంటే ఓ మాట. మన ఎండాకాలంలో అటక మీదో కారు డిక్కీలోనో పడేస్తే జిగురు కరిగి స్కీకి అంటుకుంటుంది. ఆరబెట్టి, మధ్యలో జాలీ గుడ్డ పెట్టి, ఇంట్లో చల్లగా ఉండేచోట ఉంచాలి. సముద్రపు గాలికి స్కీ అంచులు తుప్పు పడతాయి, తుడిచి పల్చగా నూనె రాయండి.

డబ్బు కట్టేముందు ఒకటి అడగండి: గాలికి గండోలా ఆపేస్తే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా? ఈ సంస్థ తేదీ మాత్రమే మారుస్తుంది. అందుకని తిరుగు టికెట్‌కి కనీసం రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి.