వియత్నాం యుద్ధాన్ని ఎదిరించిన దారులు: ఊరేగింపా, జైలా, కెనడానా, ఏది మేలు?

1969 డిసెంబర్ 1 రాత్రి వాషింగ్టన్‌లో ఒక పెద్ద గాజు జాడీలో 366 నీలిరంగు ప్లాస్టిక్ గొట్టాలు పోశారు. ఒక్కో గొట్టంలో ఒక పుట్టినతేదీ రాసిన చీటీ. దేశమంతా టీవీల ముందు కూర్చుని చూస్తుంటే ఒక్కొక్కటే తీశారు. మొదట వచ్చింది సెప్టెంబర్ 14. 1944 నుంచి 1950 దాకా ఏ ఏడాదిలోనైనా ఆ తేదీన పుట్టిన కుర్రాళ్లకు ఒకటో నంబరు పడింది. నిర్బంధంగా సైన్యంలో చేర్చుకునే ‘డ్రాఫ్ట్’ కింద వియత్నాం పిలుపు ముందు వాళ్లకే. జూన్ 8న పుట్టినవాళ్లది ఆఖరి నంబరు. చివరికి 195వ నంబరు దాకా పిలిచారు.

ఒకటో నంబరు పడ్డ ఆ కుర్రాడి గురించే నేను ఆలోచిస్తుంటాను. యుద్ధం అన్యాయమని అతనికి గట్టి నమ్మకం అనుకుందాం. అప్పుడేం చెయ్యాలి? రోడ్డెక్కి నినాదాలివ్వాలా? పిలుపు వచ్చినా వెళ్లనని జైలుకి పోవాలా? సరిహద్దు దాటి కెనడా వెళ్లిపోవాలా? లేదా సైన్యంలో చేరి, లోపలి నుంచే ఎదురు తిరగాలా? అమెరికాలో అప్పట్లో ఈ దారులన్నిటిలోనూ మనుషులు నడిచారు. వాటిలో ఏది ఎంతవరకు పనికొచ్చిందో, ఎవరి మీద ఎంత భారం పడిందో పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది.

ముందు ఊరేగింపులు. 1965 మార్చిలో అమెరికా మెరీన్ సైనికులు దక్షిణ వియత్నాంలోని దా నాంగ్ తీరంలో దిగారు. అదే నెలలో మిషిగన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్లు, విద్యార్థులు రాత్రంతా మేలుకుని యుద్ధం మీద పాఠాలు, చర్చలు నడిపారు. ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో సుమారు 20 వేల మంది నడిచారు. 1969 నవంబర్ 15 వచ్చేసరికి అదే ఊళ్లో దాదాపు ఐదు లక్షల మంది పోగయ్యారు. ఆ జనసముద్రం ఫొటోలు అందరూ చూసే ఉంటారు. నన్ను కదిలించింది మాత్రం దానికి ముందు రెండు రోజులు జరిగిన నడక. ఆర్లింగ్టన్ శ్మశానం దగ్గర బయలుదేరి, ఒకరి వెనక ఒకరు, రాత్రీ పగలూ, చలిలో నడిచారు. ప్రతి ఒక్కరి మెడలో ఒక అట్టముక్క, దాని మీద యుద్ధంలో చనిపోయిన ఒక సైనికుడి పేరో, ధ్వంసమైన ఒక వియత్నాం పల్లె పేరో. వైట్‌హౌస్ ఎదుటికి రాగానే ఆ పేరు గట్టిగా పిలవడం, తర్వాత అమెరికా పార్లమెంటు ఉండే కాపిటల్ భవనం దగ్గర పెట్టిన శవపేటికల్లో ఆ అట్టను వెయ్యడం. అంతే కార్యక్రమం. కొడుకును పోగొట్టుకున్న తల్లి కూడా అందులో చేరగలదు, యుద్ధాన్ని సమర్థించే పొరుగాయన కూడా తలవంచి చూడగలడు.

అధ్యక్షుడు నిక్సన్ మాత్రం ఆ శనివారం తను ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నానని బయటికి చెప్పించాడు. నడిచినవాళ్లు చాలామంది, ఇంత చేసినా ఏమీ కాలేదని నిరాశపడి ఇళ్లకు వెళ్లారు. తెర వెనక కథ వేరు. ఆ నవంబర్‌లోనే ఉత్తర వియత్నాం మీద భారీ దాడికి రహస్యంగా పథకం తయారైంది, దాని రాజధాని హనోయ్‌కి గడువు కూడా పెట్టారు. అక్టోబర్ 15న ఊరూరా జరిగిన నిరసనలు తన హెచ్చరికకు విలువ లేకుండా చేసి ఉంటాయని నిక్సన్ తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. అక్టోబర్ 15 నాటిది ఒకే చోట జరిగిన సభ కాదు. చిన్న ఊళ్లలో చర్చి గంటలు మోగించారు, కాలేజీల్లో, వీధి కూడళ్లలో చనిపోయినవాళ్ల పేర్లు చదివారు, చేతికి నల్ల పట్టీలు కట్టుకున్నారు. రాజధానిలో ఒక పెద్ద సభ కంటే, ఎవరి ఊళ్లో వాళ్లు నిలబడటమే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం.

అయినా ఊరేగింపుకి ఒక హద్దు ఉంది. జనం విసుక్కోవడం మొదలైతే అది ఎదురు తిరుగుతుంది. 1970 మే 4న ఓహయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో విద్యార్థుల యుద్ధవ్యతిరేక నిరసన జరుగుతుండగా నేషనల్ గార్డు అనే రాష్ట్ర రిజర్వు సైన్యం 13 సెకన్లలో 67 తూటాలు కాల్చింది. నలుగురు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. తర్వాత జరిగిన గాలప్ సర్వేలో 58 శాతం మంది తప్పు విద్యార్థులదే అన్నారు. పోయింది పిల్లలు. నింద పడింది కూడా పిల్లల మీదే. ఈ అంకె చదివిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది.

బాంబుల దారి గురించి ఎక్కువ చెప్పను. 1970 ఆగస్టులో విస్కాన్సిన్ యూనివర్సిటీలో సైన్యానికి పనిచేసే గణిత కేంద్రమున్న భవనాన్ని తెల్లవారుజామున పేల్చేశారు. చనిపోయింది యుద్ధంతో ఏ సంబంధమూ లేని 33 ఏళ్ల భౌతికశాస్త్ర పరిశోధకుడు, ముగ్గురు చిన్నపిల్లల తండ్రి. ఆ పేలుడు ఒక్క సైనికుణ్ణి కూడా వెనక్కి తేలేదు. ఈ పోలికలో దానికి చోటే లేదు.

ఇక జైలు. సత్యాగ్రహం తెలిసిన మనకు ఈ దారిలోని తర్కం వెంటనే అర్థమవుతుంది. చట్టాన్ని బహిరంగంగా కాదనడం, శిక్ష పడితే తలెత్తుకుని అనుభవించడం. 1965లోనే డ్రాఫ్ట్ కార్డు కాల్చడాన్ని నేరం చేశారు, ఐదేళ్ల దాకా జైలు. అందరికీ తెలిసిన పేరు ముహమ్మద్ అలీ. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేర్చుకునేందుకు పేరు పిలిస్తే ఆయన అడుగు ముందుకు వెయ్యలేదు. చాంపియన్ బెల్టు పోయింది, మూడేళ్లకు పైగా రింగులో అడుగు పెట్టలేకపోయాడు. అప్పీలు నడుస్తున్నందువల్ల జైలుకి వెళ్లాల్సిన పని పడలేదు, 1971లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. బాక్సర్‌కి పాతికేళ్లు దాటాక వచ్చే ఆ మూడేళ్లు ఎంత విలువైనవో క్రీడలు చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

కానీ జైలు దారి బలం నాకు అర్థమైంది అలీ వల్ల కాదు, రాండీ కీలర్ అనే యువకుడి వల్ల. 1969 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని హావర్‌ఫర్డ్ కాలేజీలో యుద్ధవ్యతిరేకుల సదస్సు జరిగింది. కీలర్ వేదికెక్కి, తన స్నేహితులు ఒక్కొక్కరే జైలుకి వెళ్లారని, త్వరలో తానూ వాళ్లను కలుసుకోబోతున్నానని సంతోషంగా చెప్పాడు. వింటున్నవాళ్లలో డేనియల్ ఎల్స్‌బర్గ్ ఉన్నాడు. అమెరికా రక్షణ శాఖ కేంద్రమైన పెంటగాన్‌లో పనిచేసినవాడు, వియత్నాం వెళ్లి వచ్చినవాడు, యుద్ధం ఎలా మొదలైందో చెప్పే రహస్య పత్రాలు చేతికి అందేంత దగ్గరలో ఉన్నవాడు. ఆయన హాలులోంచి లేచి వెళ్లి, బాత్రూంలో నేల మీద కూలబడి చాలాసేపు ఏడ్చాడు. మన దేశంలో మంచి కుర్రాళ్లు చెయ్యగలిగిన గొప్ప పని జైలుకి వెళ్లడమేనా అన్నదే ఆయన బాధ. అది ఆ వెంటనే ఇంకో ప్రశ్న అయింది: నేను కూడా జైలుకి సిద్ధపడితే ఏం చెయ్యగలను? ఆ అక్టోబర్‌లోనే దాదాపు 7 వేల పేజీల పత్రాలను రాత్రిళ్లు జిరాక్స్ తియ్యడం మొదలుపెట్టాడు. 1971 జూన్‌లో అవి పత్రికల్లో వచ్చాయి. ప్రభుత్వం ఏళ్ల తరబడి జనానికి ఒకటి చెప్పి లోపల ఇంకోటి అనుకున్నదని ప్రభుత్వ కాగితాలే సాక్ష్యమిచ్చాయి.

ఇందులో మనకు దగ్గరి ముక్క ఒకటుంది. 1968లో ప్రిన్స్‌టన్‌లో ఒక సదస్సులో ఎల్స్‌బర్గ్‌కి మద్రాసు నుంచి వెళ్లిన ఒక గాంధేయవాది యువతి పరిచయమైంది. శత్రువు అనే భావనే తన ఆలోచనలో లేదని ఆమె అన్న మాట ఆయన్ని వదల్లేదు. యుద్ధ వ్యూహాలు రాసిన మనిషి గాంధీని, మార్టిన్ లూథర్ కింగ్‌ని చదవడం మొదలుపెట్టింది ఆమె వల్లే.

కీలర్ 22 నెలలు జైల్లో ఉన్నాడు. తన ఉపన్యాసం ఎవరి మీద పనిచేసిందో ఆ రోజు అతనికి తెలియదు. లెక్కల్లో చూస్తే జైలు దారి చాలా చిన్నది. డ్రాఫ్ట్ నేరాల ఆరోపణ వచ్చింది రెండు లక్షల మందికి పైగా, జైలు చూసింది సుమారు 3,250 మంది. కానీ అందులో ఒక్కడు అధికారం లోపల ఉన్న మనిషిని కదిలించాడు. ఐదు లక్షల మంది సభకి ఇది దొరకలేదు.

కెనడా వెళ్లినవాళ్లను పిరికివాళ్లనడం నాకు నచ్చదు. 30 వేల నుంచి 40 వేల మంది కుర్రాళ్లు అలా వెళ్లారని అంచనా. 1969 మేలో కెనడా ప్రభుత్వం సరిహద్దు దగ్గర సైనిక బాధ్యతల గురించి అడగబోమని చెప్పాక దారి మరింత తెరుచుకుంది. పంతొమ్మిదేళ్ల పిల్లాడు అమ్మానాన్నల్ని వదిలి, తిరిగి వస్తే అరెస్టు అని తెలిసి, తండ్రి చనిపోయినా అంత్యక్రియలకు రాలేనని తెలిసి వెళ్లడం తేలికైన పనేం కాదు. ఒక ప్రాణం దక్కింది, ఆ చేతులతో ఇంకో ప్రాణం పోలేదు. అయితే యుద్ధాన్ని ఆపే దారిగా చూస్తే దాని బలం తక్కువ. వెళ్లినవాడి స్థానంలో జాబితాలో తర్వాతి నంబరువాణ్ణి పిలుస్తారు. ఆ తర్వాతివాడికి చాలాసార్లు కాలేజీ సీటూ ఉండదు, బస్సు టికెట్టుకి డబ్బూ ఉండదు. కాలేజీలో ఉన్నన్నాళ్లూ మినహాయింపు దొరికే ఆ రోజుల్లో పేదింటి పిల్లల మీదే, నల్లజాతి పిల్లల మీదే భారం ఎక్కువ పడింది. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో కింగ్ ఎత్తి చూపింది ఇదే. సొంత మిత్రులు, పెద్ద పత్రికలు తప్పుపట్టినా ఆయన వెనక్కి తగ్గలేదు.

అందుకే నేను అన్నిటికన్నా ముందు పెట్టేది ఆ పేదింటి పిల్లల దారిని. సైన్యంలోకి వెళ్లి, చూసి, ఎదురు తిరిగినవాళ్లను. టెక్సస్‌లో ఫోర్ట్ హుడ్ స్థావరం పక్కన కిలీన్ అనే ఊళ్లో 1968లో ఓ కాఫీ హోటల్ తెరిచారు. పేరు ఓలియో స్ట్రట్. హెలికాప్టర్ నేలకు దిగేటప్పుడు కుదుపును తట్టుకునే భాగం పేరది. వియత్నాం నుంచి దిగిన కుర్రాళ్లకు కుదుపు తగ్గించే చోటు అన్నమాట. ఇలాంటి హోటళ్లలో సైనికులు సొంత పత్రికలు రాసుకున్నారు, దొంగచాటుగా పంచుకున్నారు. 1971 నాటికి వియత్నాంలోని అమెరికా సైన్యం కుప్పకూలే స్థితికి వచ్చిందని ఒక రిటైర్డ్ కల్నలే సైనిక పత్రికలో రాశాడు. పోరాడాల్సిన మనిషే పోరాడనంటే ఏ జనరల్ మాత్రం ఏం చేస్తాడు?

1971 ఏప్రిల్ 23న కాపిటల్ ముందు ఎనిమిది వందల మందికి పైగా మాజీ సైనికులు బారులు తీరారు. వాళ్లను ఆపడానికి కంచె కట్టారు. ఒక్కొక్కరూ మైకు దగ్గరికి వచ్చి, ఏదో చెప్పి, మెడల్ తీసి కంచె అవతలికి విసిరారు. కొందరు ఏడ్చారు. కొందరు చక్రాల కుర్చీల్లో వచ్చారు. వీళ్లను దేశద్రోహులని తిట్టడం అంత తేలిక కాలేదు. ముందు రోజే వాళ్లలో ఒకడైన జాన్ కెర్రీ సెనేట్ కమిటీ ముందు కూర్చుని, ఒక పొరపాటు కోసం చనిపోయే ఆఖరి మనిషివి నువ్వే కావాలని ఎవరినైనా ఎలా అడుగుతారని ప్రశ్నించాడు. విద్యార్థులు అదే మాట ఆరేళ్లుగా అంటున్నారు. అప్పటిదాకా చెవిన పెట్టని ఇళ్లలో కూడా ఈసారి విన్నారు.

కాబట్టి సెప్టెంబర్ 14న పుట్టిన ఆ కుర్రాడికి నేనేం చెబుతాను? గుండె ధైర్యం ఉంటే జైలుకి వెళ్లు, వెళ్లేముందు బాహాటంగా చెప్పి వెళ్లు అంటాను. ఇంటి పరిస్థితి ఒప్పుకోకపోతే కెనడా వెళ్లు, సిగ్గుపడకు అంటాను. చంపడానికి వెళ్లి ఎదురు తిరగమని మాత్రం ముందుగా ఎవరికీ చెప్పలేను. అది వెళ్లి వచ్చినవాళ్లే తేల్చుకున్న దారి. ఇంట్లో ఉన్న మిగతావాళ్లం మన ఊరి కూడలిలో నిలబడి పేర్లు చదవాలి.

1977 జనవరి 21న, పదవిలోకి వచ్చిన మర్నాడే, అధ్యక్షుడు కార్టర్ డ్రాఫ్ట్‌ను ఎదిరించినవాళ్లకు క్షమాభిక్ష ఇచ్చాడు. కెనడా నుంచి ఇళ్లకు రావాలనుకున్నవాళ్లు వచ్చారు. సైన్యంలో చేరి వదిలి వెళ్లినవాళ్లకు, ఎదురు తిరిగి చెడ్డ డిశ్చార్జి కాగితంతో బయటపడ్డవాళ్లకు అందులో చోటు దొరకలేదు. ఉద్యోగానికి వెళ్లిన ప్రతిచోటా వాళ్లు ఆ కాగితాన్నే చూపించాల్సి వచ్చింది.